కారు చిప్ తాళం చెవి: పనితీరు, నకలు, ఖర్చు

సుచిత్ర కూడలి దాటి పేట్ బషీరాబాద్, కొంపల్లి, కండ్లకోయల మీదుగా మేడ్చల్ చేరే 44వ నంబరు జాతీయ రహదారి వెంట గడిచిన కొన్ని దశాబ్దాల్లో ఊళ్లు కాలనీలయ్యాయి, కాలనీలు అపార్టుమెంట్లతో నిండాయి, జీడిమెట్ల కర్మాగారాలకూ శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలకూ రోజూ వెళ్లివచ్చే కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ప్యారడైజ్ నుంచి మేడ్చల్ వరకు, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి శామీర్‌పేట వరకు మెట్రో మార్గాలకు ప్రాజెక్టు నివేదికలు సిద్ధం చేయాలని 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది గాని మెట్రో రైలు ఇంకా ఈ దారికి రాలేదు కనుక, ఇక్కడి మధ్యతరగతి ఇంటికి కారు విలాసంగా కన్నా అవసరంగానే ఉంటోంది. అటువంటి ఇంట్లో కారు తాళం చెవి పోతే, బీరువా తాళం చెవికి నకలు చేయించినంత తేలిగ్గా పని జరుగుతుందనుకున్నవారికి సర్వీస్ సెంటర్ చెప్పే ఖర్చు వేల రూపాయల్లో ఉండటం, పైగా రోజుల తరబడి ఆగవలసి రావడం మింగుడుపడవు. బొటనవేలంత వస్తువుకు అంత ధర ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు జవాబు కొంత భౌతికశాస్త్రంలో, కొంత గూఢలిపి గణితంలో, మిగిలినది మరమ్మతు వ్యాపారపు కట్టుబాట్లలో ఉంది.

పాత కార్ల తాళం చెవి కేవలం ఒక ఆకారం. తాళం లోపల వరుసగా అమర్చిన పలుచని ఇత్తడి పలకలు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో నిలిస్తేనే తాళపు గొట్టం తిరుగుతుంది, ఆ ఎత్తులను నిర్ణయించేవి తాళం చెవి అంచున ఉన్న కోతలు. ఆ కోతల లోతుల్లో తేడాలు మిల్లీమీటరులో కొంత భాగమే అయినా, రోడ్డు పక్క పనివాడు బ్లాంక్‌ను, అంటే కోతలు లేని తాళం చెవిని, అసలుదాని పక్కన బిగించి యంత్రంతో గాని ఆకురాయితో గాని అదే రూపం తేగలిగేవాడు, ఆ రూపం వచ్చిందంటే కారు అతని చేతిలో ఉన్నట్టే. దొంగకు కూడా ఇదే సౌకర్యం ఉండేది. తాళం పగలగొట్టి వెనక ఉన్న తీగలను కలిపితే ఇంజన్ మోగేది, ఎందుకంటే లోహం తిరగడం తప్ప కారుకు తన యజమానిని గుర్తించే మార్గం మరొకటి లేదు.

ఆకారానికి తోడు విద్యుత్ గుర్తును జోడించాలన్న ఆలోచన 1986లో జనరల్ మోటార్స్ సంస్థ షెవర్లే కార్వెట్ కారులో అమలైంది. తాళం చెవి కాడలో చిన్న నిరోధకాన్ని, అంటే విద్యుత్ ప్రవాహాన్ని నిర్ణీత మేరకు అడ్డగించే భాగాన్ని పొదిగి, ఆ విలువను కారు కొలిచి సరిపోతేనే ఇంజన్‌ను అనుమతించేలా దాన్ని రూపొందించారు. నిరోధక విలువలు 15 మాత్రమే కాబట్టి ఓపికగల దొంగ వరుసగా ప్రయత్నిస్తే ఏదో ఒకటి సరిపోయేది. అయినా ఆ పద్ధతి ఒక దారి చూపింది, 1990ల మధ్యకల్లా తీగ తగలకుండానే బదులు చెప్పగల చిప్ తాళం చెవి తలలోకి చేరింది. కారులోని కంప్యూటర్ ఈ చిప్‌ను గుర్తించకపోతే ఇంజన్‌ను పనిచేయనివ్వని ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతి సుజుకి కార్ల వెనక అద్దం మీద ఐక్యాట్స్ అనే పేరుతో కనిపించే చీటీ ఈ ఏర్పాటును గురించి చెప్పేదే. యూరప్‌లో 1998 అక్టోబరు నుంచి, ఆస్ట్రేలియాలో 2001 నుంచి, కెనడాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు.

ఈ చిప్‌కు బ్యాటరీ ఉండదు, అయినా అది మాట్లాడుతుంది. దాని వెనక ఉన్న సూత్రం మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. తాళం చెవి దూర్చే రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ వలయంలో సన్నని రాగి తీగచుట్ట ఒకటి దాగి ఉంటుంది. తాళం తిప్పగానే కారు ఈ చుట్టలోకి సెకనుకు సుమారు 1,25,000 సార్లు దిశ మార్చుకునే విద్యుత్తును పంపుతుంది, దానివల్ల చుట్ట సమీపంలో అంతే వేగంతో మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తాళం చెవి తలలో ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన అతి చిన్న తీగచుట్ట ఆ క్షేత్రంలోకి రాగానే అందులో విద్యుత్తు పుడుతుంది. ఈ రెండో చుట్టను ఒక కెపాసిటర్‌తో కలిపి అదే పౌనఃపున్యానికి అనునాదం చెందేలా అమర్చినందువల్ల అందిన కొద్దిపాటి శక్తి కూడా చిప్‌ను మేల్కొల్పడానికి చాలుతుంది. క్షేత్రం బలం దూరంతోపాటు వేగంగా తగ్గిపోతుంది కనుక చిప్ కొన్ని సెంటీమీటర్లు పక్కకు జరిగినా సంభాషణ ఆగిపోతుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసే చిప్‌లు 1,34,200 సార్లు మారే క్షేత్రం నుంచి శక్తిని ముందు కెపాసిటర్‌లో నింపుకొని, కారు మౌనం వహించాక తమ జవాబును పంపుతాయి. ఇతర రకాలు చాలావరకు క్షేత్రం నడుస్తుండగానే దానిమీద తాము మోపే భారాన్ని పెంచుతూ తగ్గిస్తూ జవాబిస్తాయి. పిలుపు అందగానే బదులిచ్చే స్వభావం వల్లనే ఈ చిప్‌కు ట్రాన్స్‌పాండర్ అనే పేరు వచ్చింది.

ఇక్కడ ఒక సాధారణ అపోహను తొలగించాలి. తలుపులు తెరిచే బటన్లున్న రిమోట్, ఇంజన్‌ను అనుమతించే చిప్ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉన్నా పాత తరహా తాళం చెవుల్లో చాలావరకు రెండు వేర్వేరు వస్తువులు. రిమోట్‌కు నాణెం ఆకారపు బ్యాటరీ కావాలి, అది 43 కోట్లకు పైగా హెర్ట్జ్‌ల పౌనఃపున్యంతో రేడియో తరంగాలను పంపుతుంది. చిప్‌కు అవేవీ అక్కర్లేదు. అందువల్ల బ్యాటరీ అయిపోయినా కారు స్టార్ట్ అవుతుంది, రిమోట్ చక్కగా తలుపులు తెరిచినా చిప్ లేకపోతే ఇంజన్ మోగదు. ఈ సంగతి తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు. తాళం చెవి కవరు పగిలినప్పుడు తక్కువ ధరకు దొరికే కొత్త కవరు కొని, బటన్ల పలకను అందులోకి మార్చి, పాత కవరును చెత్తలో వేసేవారున్నారు. చాలా కార్లలో చిప్ గోరంత నల్లని ముక్కగానో, గింజంత గాజు గొట్టంగానో పాత కవరు లోపలి గాడిలో విడిగా కూర్చుని ఉంటుంది కాబట్టి అది కవరుతోపాటే పోతుంది, కొత్త కవరులోని తాళం చెవి తలుపు తెరిచి ఊరుకుంటుంది. కవరు మార్చుకోవడం నిజంగా చవకైన మరమ్మతే, కాని ఆ నల్లని ముక్కను వెతికి పట్టుకున్నవారికే అది చవక.

చిప్ కారుకు ఏమి చెబుతుందన్నది రెండో ప్రశ్న. తొలితరం చిప్‌లు ఎప్పుడూ ఒకే సంఖ్యను చెప్పేవి, దాన్ని ఒకసారి చదివిన యంత్రం మరో చిప్‌లో అదే సంఖ్యను రాయగలిగేది. తరువాతి తరం చిప్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అదే సంఖ్య కారు కంప్యూటర్‌లోనూ ఉంటుంది, అది ఎప్పుడూ బయటికి రాదు. కారు ప్రతిసారీ కొత్తగా ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది, చిప్ దాన్ని తన రహస్య సంఖ్యతో కలిపి గూఢలిపి సూత్రం ప్రకారం లెక్కగట్టి ఫలితాన్ని మాత్రమే తిప్పి పంపుతుంది, కారు అదే లెక్కను తానూ చేసి రెండూ సరిపోలితే ఇంధనాన్ని, నిప్పురవ్వను అనుమతిస్తుంది. పిల్లవాడి చేత నోటికి వచ్చిన ఎక్కాన్ని అప్పజెప్పించుకోవడానికీ, ప్రతిసారీ కొత్త లెక్క ఇచ్చి చేయించడానికీ ఉన్న భేదమే ఈ రెండు తరాలకూ ఉంది. జవాబు తప్పితే కొన్ని కార్లలో స్టార్టర్ కదలదు, మరికొన్నింటిలో ఇంజన్ ఒకటి రెండు సెకన్లు మోగి ఆగిపోయి, మీటర్ల పలక మీద తాళం చెవి గుర్తు మినుకుమంటుంది.

గూఢలిపి బలం రహస్య సంఖ్య పొడవు మీద, సూత్రం నిర్మాణం మీద ఆధారపడుతుంది. ఫోర్డ్ వంటి కార్లలో వాడిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ రహస్య సంఖ్య 40 బిట్లది, అంటే సాధ్యమైన సంఖ్యలు సుమారు 1.1 లక్షల కోట్లు. వినడానికి పెద్దదే అయినా 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ప్రయోగశాలల పరిశోధకులు సమాంతరంగా పనిచేసే సర్క్యూట్లతో గంటలోపే దాన్ని ఛేదించగలమని నిరూపించారు. 48 బిట్ల హైట్యాగ్-2 చిప్‌ను యూరప్ పరిశోధకులు 2012లో నిమిషాల్లో ఛేదించారు, ఇక్కడ సంఖ్య పొడవు కన్నా సూత్రంలోని బలహీనతే వారికి దారిచ్చింది. 96 బిట్ల మెగామోస్ చిప్ లోపాలను బయటపెట్టే పరిశోధన పత్రాన్ని 2013లో ఫోక్స్‌వాగన్ కోరిక మీద బ్రిటన్ హైకోర్టు ఆపివేయగా, అది 2015లో గాని వెలుగు చూడలేదు. ఈ చరిత్ర చదివి చిప్‌లు వృథా అనుకోవడం పొరపాటు. నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు వాన్ అవర్స్, వొల్లార్డ్ 1995 నుంచి 2008 వరకు తమ దేశపు లెక్కలను పరిశీలించి ఇమ్మొబిలైజర్ వల్ల కారు దొంగతనాలు సుమారు 40 శాతం తగ్గాయని తేల్చారు. అమెరికాలో ఈ పరికరాన్ని చట్టం కోరలేదు గనుక 2011, 2021 మధ్య అక్కడ అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో చాలావాటిలో అది లేదు. ఆ సంగతి సామాజిక మాధ్యమాల్లో పాకాక 2022లో అనేక నగరాల్లో ఆ కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగాయి, చట్టం కోరిన పక్కనున్న కెనడాలో ఆ బలహీనత లేదు. ఇప్పటి కార్లలో వాడుతున్న 128 బిట్ల ఏఈఎస్ గూఢలిపి బ్యాంకు లావాదేవీలను కాపాడే గూఢలిపి కుటుంబానికే చెందుతుంది.

ఖర్చు ఎక్కడ పుడుతుందో ఇప్పుడు విడదీసి చూడవచ్చు. చిప్ విడిగా కొంటే ధర సాధారణంగా వందల రూపాయల్లో ఉంటుంది, కోత లేని లోహపు కాడ ధర అంతకన్నా తక్కువ. కోత కోసే పని రెండు విధాలు. ఉన్న తాళం చెవిని యంత్రంలో బిగించి దాని అంచును అనుసరిస్తూ కోయడం మొదటిది. పదేళ్లు వాడి అరిగిన తాళం చెవికి ఇలా నకలు చేస్తే ఆ అరుగుదల కూడా నకలులోకి వస్తుంది. రెండోది కొత్త కారుతో ఇచ్చే చిన్న రేకు బిళ్ల మీద ముద్రించిన సంఖ్యను బట్టి కంప్యూటర్ యంత్రం మొదటినాటి లోతులనే కోయడం. కాడ పక్క భాగంలో వంపు గాడి ఉండే కొత్త తరహా తాళం చెవులకు ఆకురాయి పనికిరాదు, వాటికి రెండు దిశల్లో కదిలే మిల్లింగ్ యంత్రమే కావాలి. అయినా కోత ఖర్చు మొత్తంలో చిన్న వాటాయే.

పెద్ద వాటా నమోదుది. కొత్త చిప్‌ను కారు తనదిగా గుర్తుపెట్టుకోవాలంటే స్టీరింగ్ కింద ఉండే 16 సూదుల సాకెట్‌కు, అంటే లోపాల తనిఖీకి ఉద్దేశించిన ఓబీడీ ద్వారానికి, పరికరాన్ని తగిలించి, కారు ఇమ్మొబిలైజర్‌కు ప్రత్యేకమైన పిన్ సంఖ్యతో అనుమతి పొంది, చిప్ గుర్తును దాని జాబితాలో చేర్చాలి. యజమాని చేతిలో పనిచేసే తాళం చెవి ఒకటి ఉంటే చాలా కార్లలో ఇది కొన్ని నిమిషాల పని. ఉన్న తాళం చెవి నుంచే కోత రూపం తెలుస్తుంది, చిప్ రకం తెలుస్తుంది, కారు తనంతట తాను నడిచి దుకాణం దాకా వస్తుంది. ఒక్కటీ లేనప్పుడు ప్రతి మెట్టూ కష్టమవుతుంది. తలుపు తెరవాలి, తాళం లోపలి లోతులను చదివి కోత కనుక్కోవాలి, పిన్ సంఖ్యను తయారీదారు నుంచి తెప్పించాలి, కొన్ని కార్లలో ఇమ్మొబిలైజర్ పెట్టెను విప్పి అందులోని స్మృతి చిప్‌ను నేరుగా చదవాలి. స్టీరింగ్ బిగుసుకుపోయిన కారును సర్వీస్ సెంటర్‌కు చేర్చడానికి లాగే వాహనం కావాలి, తాళం చెవి కంపెనీ గోదాము నుంచి వచ్చేదాకా ఆగాలి. అదే లోహం, అదే చిప్ అయినా రెండు సందర్భాల మధ్య ఖర్చు ఎన్నో రెట్లు మారడానికి ఇదే కారణం, కాబట్టి రెండో తాళం చెవిని మొదటిది పోకముందు చేయించుకోవడానికి మించిన పొదుపు ఈ వ్యవహారంలో మరొకటి లేదు.

నమోదుకు బదులుగా క్లోనింగ్ అనే పద్ధతి కూడా బజారులో ఉంది. పనిచేసే చిప్ గుర్తింపును మరో చిప్‌లోకి యథాతథంగా దించితే కారు రెంటినీ ఒకే తాళం చెవిగా భావిస్తుంది, కారు కంప్యూటర్‌ను ముట్టుకోవలసిన పని ఉండదు, ధర కూడా తగ్గుతుంది. అయితే క్లోన్ అయిన రెంటిలో ఒకటి పోతే దాన్ని మాత్రమే జాబితాలోంచి కొట్టివేయడం కుదరదు, అందువల్ల తాళం చెవి పోయే అవకాశమున్న ఇంటికి విడిగా నమోదు చేయించడమే మేలు. నమోదు జరిగేటప్పుడు కారు బ్యాటరీ బలహీనంగా ఉంటే మధ్యలో కంప్యూటర్ స్మృతి చెడిపోయే ప్రమాదముంది. మంచి పనివాడు ముందుగా బ్యాటరీ వోల్టేజీ చూసి, అవసరమైతే ఛార్జర్ తగిలించి గాని పని మొదలుపెట్టడు, పనివాడిని అంచనా వేయడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు ఉండదు.

స్వతంత్ర పనివాడు సర్వీస్ సెంటర్ కన్నా తక్కువకు చేయగలిగినా అతనికి అసలైన పరికరాలు, సమాచారం అందకపోవడం చాలాకాలంగా ఉన్న అడ్డంకి. భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో, విడిభాగాలనూ తనిఖీ పరికరాలనూ స్వతంత్ర మరమ్మతుదారులకు అందనివ్వడం లేదంటూ 14 కార్ల తయారీ సంస్థలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దాని మీద అప్పీళ్లు సాగినా సమస్యను అధికారికంగా గుర్తించిన తొలి పెద్ద నిర్ణయం అది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, పరిశీలించవలసిన నాలుగు రంగాల్లో వాహనాలను ఒకటిగా చేర్చింది. తాళాల విషయంలో మాత్రం సమాచారాన్ని అందరికీ తెరిచి పెట్టడం ప్రమాదమే, ఎందుకంటే నమోదు యంత్రాలతో కార్లు ఎత్తుకుపోయిన ముఠాలను ఢిల్లీ పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. అమెరికాలో ఈ చిక్కుకు ఒక పరిష్కారం నడుస్తోంది: నేపథ్యాన్ని పరిశీలించి నమోదు చేసిన తాళాల నిపుణులకే కంపెనీలు పిన్, కోత సంఖ్యలు ఇస్తాయి, ఏ కారుకు ఎవరి పేరున ఆ సమాచారం తీసుకున్నారో ప్రతిసారీ లెక్కలో ఉంటుంది. అటువంటి పట్టిక తెలంగాణలో ఉంటే నిజాయితీగల పనివాడికి గౌరవం, యజమానికి తక్కువ ఖర్చు, పోలీసులకు ఆచూకీ మూడూ దక్కుతాయి. ఇది చేయదగిన పని, చేయవలసిన పని.

బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యే కార్ల స్మార్ట్ కీ లోపల రిమోట్, చిప్ కలిసిపోయి ఉంటాయి, కనుక దాని విడిభాగమే ఖరీదైనది. కారు తక్కువ పౌనఃపున్యంలో పిలిస్తే కీ రేడియో తరంగాల్లో బదులిస్తుంది. బ్యాటరీ అయిపోయినప్పుడు కీని స్టార్ట్ బటన్‌కు గాని, కంపెనీ పుస్తకంలో చూపిన చోటుకు గాని ఆనించి పట్టుకుంటే ఫారడే సూత్రమే మళ్లీ పనిచేసి ఇంజన్ మోగుతుంది. కీ పాడైందని కొత్తది కొనడానికి ముందు బ్యాటరీ మార్చి చూడటం చాలామంది మరచిపోయే మెట్టు.

పేట్ బషీరాబాద్ ప్రాంతంలో వాడిన కారు కొనేవారికి ఈ వివరాలు మరింత అవసరం. పాత కారు తరచూ ఒక్క తాళం చెవితోనే చేతులు మారుతుంది, రెండోది ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో కొన్నవారికి తెలియదు. చాలా కార్ల ఇమ్మొబిలైజర్‌లో ఎన్ని తాళం చెవులు నమోదయ్యాయో పరికరం చూపిస్తుంది కాబట్టి ఆ సంఖ్యను అడిగి తెలుసుకుని, పాతవన్నీ తుడిపించి, చేతిలో ఉన్నవాటినే తిరిగి నమోదు చేయించాలి. కారు పోయినప్పుడు బీమా సంస్థలు సాధారణంగా రెండు తాళం చెవులనూ అడుగుతాయి, ఒకటి చూపలేకపోతే పరిహారం మీద వివాదం మొదలవుతుంది. అందుకని తాళం చెవి పోయిన వెంటనే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి ఆ ప్రతిని దాచుకోవడం, పాలసీ తీసుకునేటప్పుడు తాళం చెవి పోతే ఖర్చు భరించే అదనపు రక్షణ ఉందేమో అడగడం మంచిది. సర్వీస్ సెంటర్ అయినా స్వతంత్ర దుకాణం అయినా ఆర్‌సీని, యజమాని గుర్తింపు కార్డును అడగకుండా తాళం చెవి చేసి ఇస్తే ఆ చోటికి మళ్లీ వెళ్లకూడదు, ఎందుకంటే అక్కడ ఎవరి కారుకైనా ఎవరికైనా తాళం చెవి దొరుకుతుంది. చిప్ లేని మామూలు లోహపు నకలును కూడా తక్కువ ధరకు కోయించి ఇంట్లో ఉంచుకుంటే, తాళం చెవి కారులోనే ఉండిపోయి తలుపు మూసుకుపోయిన రోజున అద్దం పగలగొట్టవలసిన అవసరం రాదు. పాఠకులు ఈ వారంలోనే తమ కారు రెండో తాళం చెవిని వెతికి తీసి, దానితో ఇంజన్ స్టార్ట్ అవుతుందో లేదో చూసి, రేకు బిళ్ల మీది సంఖ్యను కారులో కాకుండా ఇంట్లో కాగితం మీద రాసి భద్రపరచుకోవాలి.